మరియ బుగ్గకు లారీ రంగు

మంచుకు నీళ్ల రంగు కారిపోతుందన్నది కృపమణి భయం. క్రిస్మస్‌కు చర్చి ముందర వేసిన పశువుల పాకకు పైన గడ్డి తప్ప కప్పు లేదు. తెల్లారేసరికి మరియ బొమ్మ కళ్లు కాటుక కారినట్టు కారిపోయి, యోసేపు గడ్డం మెడ మీదికి దిగి, సంఘంలోని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం ఆమెకు ముందే కనబడింది. నవ్వితే కూతురు రెజీనా తట్టుకోలేదు. తట్టుకోలేని పిల్ల ఏం చేసుకుంటుందో అనుకోవడానికి కూడా తల్లికి ధైర్యం చాలలేదు.

ఆ బొమ్మలు రెజీనా థర్మాకోల్ ఉండలతో చేసింది. చిన్న ఉండ తల, కోసి చెక్కిన పెద్ద ఉండ ఒళ్లు, రెండింటి మధ్యా చీపురుపుల్ల. కడపలో బొమ్మల పని నేర్పే చోట చేరాలని ఆమె ఆశ. హాస్టల్లో ఉండాలి. కృపమణి వద్దంది. బస్సు బోల్తా పడొచ్చు, హాస్టల్ నీళ్లకు కామెర్లు రావచ్చు. ఇద్దరి పోరు పడలేక తండ్రి వసంతకుమార్ ఒక మాట చెప్పేశాడు. "సంఘం పెద్దలు బొమ్మలు సూసి బాగుండాయంటే పంపుదాం. లేదంటే లేదు."

పెద్దల తరఫున విశ్వాసమ్మ ఆ సాయంత్రమే రావాలి.

బొమ్మలను ఇంట్లో బల్ల మీద పెట్టి రెజీనా పాటల సాధనకు పోయింది. వసంతకుమార్ ఎర్రగుంట్లలో లారీలకు రంగులేస్తాడు. మిగిలిన డబ్బాలు ఇంట్లోనే ఉంటాయి. ఎండకూ వానకూ చెక్కుచెదరని రంగు కదా అనుకుంది కృపమణి. నీలం డబ్బా తెరిచి, మగడు పోసినట్టే పలచన చేసే థిన్నర్ పోసి కలిపి, మరియ ముసుగుకు పూసింది. నిగనిగలాడింది. తెలుపులో ఎరుపు చుక్క వేసి బుగ్గలకు పూసింది. అదే ఊపులో యోసేపుకు, దూతకు, తొట్టిలోని బిడ్డకు. కుంచె కింద పెట్టి వెనక్కి తిరిగింది.

మరియకు ఒక బుగ్గ లేదు.

చూస్తుండగానే రెండోదీ లోపలికి పోయింది. నుదుట చెదలు తిన్నట్టు గుంటలు పడ్డాయి. వేలు పెడితే వేలు దిగబడి, జిగురు తీగలు సాగుతూ వచ్చింది. చెంబెడు నీళ్లు గుమ్మరించింది. ఆగలేదు. తొట్టిలో బిడ్డ తల కుదించుకుపోయి పుల్ల బయటపడింది. ఇది శాపమే అనుకుంది కృపమణి. ప్రభువు ముఖం తిప్పుకున్నాడు, ఇంట్లో ఎవరికో మూడింది. ఫోను తీసింది.

"ఏమయ్యా, బాగుండావా? నిచ్చెన మీదుంటే దిగు."

"ఏమైందే?"

"మరియ కరిగిపోతాండాది."

సంగతంతా విన్నాడు వసంతకుమార్. "థిన్నర్ తగిలితే థర్మాకోల్ నిలుస్తాదా? లారీకి పూసేది తెచ్చి దేవుని తల్లికి పూస్తివి గదే."

అంటే శాపం కాదు, తన చేయి. శాపమైతే మోకరించి ఏడ్చేది. ఇప్పుడు ఎవరి ముందు మోకరించాలి?

గడపలో రెజీనా నిలబడి ఉంది. బొమ్మలను చూసింది, డబ్బాను చూసింది, నీలం అంటిన తల్లి వేళ్లను చూసింది.

"మంచుకు తడుస్తాదని, పాపా..."

"బొమ్మలు లేకపోతే నన్ను పంపే పని ఉండదు. అందుకే గదమ్మా." గొంతు పెంచలేదు, ఏడవలేదు.

మరియ కరిగిన ముఖం కూడా కృపమణిని ఇంతగా భయపెట్టలేదు. కన్నబిడ్డ తనను ఇంత మాట అనగలదా? అనేంతగా ఇన్నేళ్లూ తానే అడ్డం పడుతూ వచ్చిందా? కాదని చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

"వందనాలమ్మా కృపమణీ," అంటూ విశ్వాసమ్మ లోపలికి వచ్చేసింది. బల్ల వైపు చూసి ఆగిపోయింది. "ఇదేందమ్మే, పశువుల పాకకు దెయ్యాలను పంపుతాండారా?"

"నేనే చెడగొట్టినా అక్కా," అంది కృపమణి. "లారీ రంగు పూసినా. పిల్ల చేసినప్పుడు శానా బాగుండె."

"మేం సూడకుండానే బాగుండాయంటే ఎట్లమ్మా?"

"మీరు సూసినా సూడకపోయినా, దాన్ని కడపకు పంపుతాండాం."

విశ్వాసమ్మ కంటే ముందు కృపమణే అదిరిపడింది. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని రెజీనా ముఖం చూశాక గానీ తెలియలేదు. గోడ పట్టుకుంది. సున్నం మీద అయిదు వేళ్లూ నీలంగా పడ్డాయి.