పావు చుట్టు

గుండయ్య చొక్కా చేతులు పైకి మడిచి, లేత్ మిషన్ స్లైడు హ్యాండిలు పట్టుకుని అటూ ఇటూ ఆడించి చూశాడు. మళ్ళీ వదులే! నిన్న సాయంత్రం తాను బిగించిపోయిన మరలన్నీ పావు చుట్టు చొప్పున విప్పి ఉన్నాయి.

విప్పిందెవరో తెలియనిదేం కాదు, రాత్రి షిఫ్టు బీరయ్య. యుద్ధం వచ్చాక అఫ్జల్‌గంజ్‌లోని ఆ కార్ఖానా రెండు షిఫ్టులు నడుస్తోంది. నడుమ ఇంజను చల్లారేదాకా ఆపుతారు గనక ఒకరు వెళ్ళిపోయాకే ఇంకొకరు వస్తారు. ఏడాదిగా ఒకే మిషన్ మీద పని చేస్తున్నా ఆ మనిషి ముఖం గుండయ్య సరిగ్గా ఎరగడు. ఎరిగిందల్లా పక్కన మేకుకు అతను వేలాడదీసిన బర్రె కొమ్ము. దాని నిండా మిషన్‌కు వేసే నూనె, కొనన చిన్న రంధ్రం, రంధ్రానికి పుల్ల బిరడా.

స్లైడుకూ అది జారే దారికీ మధ్య సన్నని ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. పక్క మరలు బిగిస్తే పట్టీ ఒత్తుకుని, చిక్కటి మజ్జిగ చిలికినట్టు చేతికి కాస్త బరువు తగులుతుంది. గుండయ్యకు ఆ బరువే కావాలి. వదులు చేస్తే తేలిగ్గా తిరుగుతుంది గాని ఉలి వణుకుతుంది, ఇనుము మీద అలలు పడతాయి. ఇంత తెలిసిన పనివాడు రోజూ ఎందుకు విప్పుతాడు? పొద్దున సద్ది కడుతూ భార్య మాణిక్యమ్మ ఎగతాళి కూడా చేసింది.

"పెండ్లాం గురించి గూడ ఎన్నడు గింత ఆలోచన జెయ్యలే! గంత తెల్వాలంటే ఒక పొద్దు ఆగి సూడరాదు?"

మధ్యాహ్నం వైకుంఠం మేస్త్రీ అలలు పడ్డ ఇనుప పిన్ను ఒకటి తెచ్చి ముందు పడేశాడు. "ఇది ఎవని చెయ్యి గుండయ్యా? పేరు చెప్పు. రేపటి సంది వాడు ఇంట్ల కూసుంటడు."

పేరు నాలుక చివరి దాకా వచ్చింది. "మిషన్ పాతది గద మేస్త్రీ. నేను సూస్త తియ్," అన్నాడు గుండయ్య.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా, ఇనుప కడ్డీల పక్కన కూర్చున్నాడు. భుజాన గొంగడితో, నెరిసిన మీసాలతో ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. పానా తీసి మరకు తగిలించాడు. గుండయ్య ఒంటి చేత్తో తిప్పే మర అది. ఆయన రెండు చేతులూ వేసి, పళ్ళు బిగబట్టి తిప్పుతున్నాడు. బొటనవేళ్ళ కణుపులు రేగుపండ్లలా ఉబ్బి ఉన్నాయి.

"ఏంది తమ్మీ, ఇంటి తొవ్వ మర్చినవా?"

"నీ చేతులకేమైందన్నా?"

"చిన్నప్పటి సంది బర్లను పిండిన చేతులు. బర్లు పోయినయ్, నొప్పి మిగిలింది," అని నవ్వాడు బీరయ్య. "నువ్వేమో పైల్వాన్ లెక్క బిగిస్తవ్! హ్యాండిలు తిప్పలేక సస్తున్న." తర్వాత నవ్వు ఆపి, "మేస్త్రీకి చెప్తవా?" అన్నాడు.

గుండయ్య ఆయన చేతిలోని పానా తీసుకుని మిగతా మరలు తానే విప్పాడు. "రాత్రి నువ్వు ముతకగ తీసిపెట్టు. నున్నగ జేసుడు పొద్దుగాల నేను జూసుకుంట."

మర్నాడు బిగించుకుందామని పానా పట్టుకునే వచ్చాడు. హ్యాండిలు తిప్పితే చేతికి అదే బరువు, తనకు కావలసిన బరువు. ఆ వేళ్ళతో ఎంతసేపు బిగించాడో! వద్దని కబురు పెట్టినా బీరయ్య మానలేదు. అప్పటినుంచి సాయంత్రం గుండయ్య విప్పిపోవడం, తెల్లవారి బీరయ్య బిగించిపోవడం. పిన్నుల మీద అలలు పోయాయి, మేస్త్రీ ఆ మాటే మరిచాడు.

బోనాలు వెళ్ళాక ఒక పొద్దున గుండయ్య హ్యాండిలు పట్టుకున్నాడు. వదులుగా, తాను విడిచిపోయినట్టే ఉంది. కింద తొట్టిలో ఇనుప రజను లేదు. ముతకగా తీయాల్సిన కడ్డీలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి.

"బీరయ్య పోయిండట. నిన్న పొద్దుగూకంగ, పనికని గొంగడి ఏసుకుంటుంటేనే," అన్నాడు మేస్త్రీ.

గుండయ్య మరలు బిగించి పనిలో పడ్డాడు. సాయంత్రం చేతులు తుడుచుకుని, పానా తీసి, మళ్ళీ పావు చుట్టు చొప్పున అన్నీ విప్పి ఇంటికి పోయాడు.

మేకుకు బర్రె కొమ్ము అలాగే ఉంది. పుల్ల బిరడా దగ్గర ఒక నూనె చుక్క ఊరి, కింద పడకుండా నిలిచింది.