వీపున ముద్ర పడని పట్టా

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. సువార్త టీచరు, ఆమె నాన్న తాపీమేస్త్రీ అబ్రహాం, అమ్మ దీవెనమ్మ, సువార్తతో పనిచేసే హైమావతి. బీరువాలో మేమిద్దరం. నేను ఒక బి.ఎడ్. పట్టాని. నా కింద పడి ఉండేది డిగ్రీ పట్టా.

విశ్వవిద్యాలయం నుంచి నన్ను తెచ్చిన రోజే అబ్రహాం చెరుకుపల్లి సెంటర్లో జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించాడు. "గోడకి ప్లాస్టరింగ్ ఎట్టాగో కాయితానికి ఇది అట్టాగ. ఇక చెమ్మ ఎక్కదు" అన్నాడు. వేడి రోలర్ల మధ్య నుంచి అద్దంలా మెరుస్తూ బయటికి వచ్చాను. డిగ్రీ పట్టాకు ఆ భాగ్యం లేదు. మడతలు, ఒక మూల టీ మరక. చుట్టాలు వస్తే నన్నే చూపించేవారు. ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఫైల్లో నేనే పైన. మనుషులు కాగితానికి ఇచ్చే మర్యాద తోటి మనిషికి ఇవ్వరని అప్పుడే గమనించాను. అయినా ఆ మర్యాద నాకు నచ్చింది.

సువార్త బళ్ళో ల్యాబు లేదు. పదకొండేళ్ళుగా ఫిజిక్స్ ప్రయోగాలన్నీ బోర్డు మీద బొమ్మలు గీసే చెప్పింది. ఇప్పుడు అమెరికాలో ఒక బడివాళ్ళు ఆమెను ఫోన్లో ఇంటర్వ్యూ చేసి ఉద్యోగం ఇస్తామన్నారు. వాళ్ళు చూపిన ల్యాబు ఫొటోను ఆమె రోజూ తీసి చూసుకునేది. నాకు ఆ ఫొటో అంటేనే గిట్టలేదు.

హైమావతి సంగతులు విడమరిచి చెప్పింది.

"హెచ్-1బి వీసా అంటే బడివాళ్ళే దరఖాస్తు పెట్టాలి. చాలామందికి లాటరీ కూడా తగలాలి. నీకిస్తామన్నది జె-1. మూడేళ్ళు, వాళ్ళు కావాలనుకుంటే ఇంకో రెండేళ్ళు. తర్వాత ఇంటికి రావాల్సిందే."

"రావాల్సిందేనా?" అంది దీవెనమ్మ. "అయితే అదే మంచి వీసా. మిగతావి మాకొద్దు తల్లీ."

అందరూ నవ్వారు. కానీ వీసా ఒక్కటే చాలదట. అక్కడి రాష్ట్రం టీచరు లైసెన్సు ఇవ్వాలి. అంతకుముందు మన చదువు అక్కడి చదువులో ఎంతకు సమానమో తేల్చాలి. అందుకని పట్టాల వెనక ప్రభుత్వ ముద్ర వేయించి నెలాఖరుకల్లా పంపమన్నారు. ఆ తేదీ దాటితే ఉద్యోగం ఇంకొకరిది.

మర్నాడు ముద్ర వేసే ఆఫీసులో గుమాస్తా నన్ను తిప్పి గోరుతో గీకాడు.

"ఇదేందమ్మా? ప్లాస్టిక్ మీద సిరా నిలబడుద్దా? తీయించుకు రండి."

అదే చేత్తో డిగ్రీ పట్టా వీపున టపీమని ముద్ర కొట్టాడు. టీ మరక పక్కనే, గుండ్రంగా, నీలంగా. నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు నా కింద పడి ఉన్నదానికి ముద్రా!

సాయంత్రం అబ్రహాం నా మీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించాడు.

"మెల్లిగా నాన్నా."

"నలభై ఏళ్ళు గోడలు గీకినోణ్ణి. నాకు చెబుతున్నావా అమ్మాయ్?"

నిజం చెబుతాను. ఆ వేడికి నేను ప్లాస్టిక్‌ను వదిలేసి ఉండవచ్చు. కానీ మంచం మీద ముద్ర ఆరబెట్టుకుంటూ డిగ్రీ పట్టా కనిపించింది. దాని తర్వాత వరసలో నేను నిలబడాలా? పైగా నేను లేకపోతే సువార్త ఎక్కడికీ వెళ్ళలేదు కదా! గట్టిగా అతుక్కున్నాను. అబ్రహాం లాగాడు. ప్లాస్టిక్‌తో పాటు కింది మూల, అధికారి సంతకంతో సహా చిరిగి వచ్చింది.

అబ్రహాం కూలబడ్డాడు. "నేనే చెడగొట్టా. అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే."

"నువ్వు కాబట్టి ఇన్నాళ్ళు భద్రంగా ఉంది. డూప్లికేట్ తెచ్చుకుంటాలే, ఊరుకో" అంది సువార్త.

డూప్లికేట్ అనేది ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. సువార్త నన్ను తీసుకుని వెళ్తే అక్కడి గుమాస్తా బల్ల మీద నా పక్కన కొత్త కాగితం పెట్టాడు. అదే పేరు, అదే సంవత్సరం, అదే క్లాసు. అది ఒక్క ఇంటర్వ్యూ గుమ్మమైనా తొక్కలేదు. సువార్త చేతులు భయానికి ఎట్లా చెమరుస్తాయో దానికి తెలియదు. అమెరికా వెళ్ళేది మాత్రం అది.

"పాతది కూడా ఉంచుకోవచ్చా సార్? మా నాన్న చేయించింది" అని అడిగింది సువార్త.

"రెండూ ఉండకూడదమ్మా. పాతది ఇస్తేనే కొత్తది."

ఆమె నన్ను పైట కొంగుతో తుడిచింది. చిరిగిన మూలను బొటనవేలితో సర్దింది. ఇవ్వదేమో అనుకున్నాను. అంతలో గుమ్మంలోంచి హైమావతి, "ముద్ర వేసేవాళ్ళు నాలుగింటికి వెళ్ళిపోతారు, రావే!" అని కేకేసింది. సువార్త నన్ను ఇచ్చేసింది.

గుమాస్తా నా మీద అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. అటెండరు నన్ను రికార్డు గదిలోకి తీసుకెళ్ళి చెదలు తిన్న పట్టాల మీద పడేశాడు. తలుపు సందులోంచి వరండా కనిపిస్తోంది. సువార్త కొత్తదాన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకుని నడుస్తోంది. మెట్ల దగ్గర ఆగి ఇటు తిరగబోయింది. నన్ను చూడటానికో, హైమావతి ఎక్కడుందో వెతకడానికో తెలిసేలోపు అటెండరు తలుపు వేసేశాడు.