కారణం రాయవలసిన గడి

బట్టలు నానబెట్టే ముందు జేబులు తడిమి చూడటం నాకు అలవాటు. ఈ ఉదయం మా ఆయన చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం దొరికింది. అమ్మాయి బడివాళ్లది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆరు శనివారాలు కాలేజీ ప్రయోగశాలలో సైన్సు శిక్షణట. నీళ్లలో మురికి కొలిచే చిన్న యంత్రం ఎవరికి వారే తయారు చేయాలట. తరగతి మొత్తంలో ఎంపికైన ముగ్గురిలో మా అమ్మాయి ఒకతె. ఇవాళే తిరిగి ఇవ్వాలి. అడుగున, పంపడం ఇష్టం లేకపోతే కారణం రాయమని ఒక గడి. అందులో మా ఆయన గుండ్రటి అక్షరాలు: "తల్లికి భయం. ఒప్పుకోవడం లేదు."

నన్నెవరు అడిగారు? రెండు రోజులుగా అమ్మాయి నాతో ముభావంగా ఎందుకుందో అప్పుడర్థమైంది.

భయం లేదనను. ఆసిడ్ ఒలికితే? టంకం వేసే కడ్డీ చేతికి తగిలితే? అమ్మాయి ఇంటికి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, నా మనసు ఆసుపత్రి గడప దాకా వెళ్లొస్తుంది. కానీ ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నా భయానికి పూచికపుల్ల విలువ లేదు. పెద్దవాడికి బండి కొంటుంటే వద్దని ఏడ్చాను. "నీ మాట వింటే వాడు ముసలాడయ్యాక కూడా నీ కొంగు పట్టుకునే తిరుగుతాడు" అన్నది ఈయనే. అత్తయ్య పడీపడీ నవ్వింది. ఎందుకూ పనికిరాని ఆ భయం, కూతురి దారికి అడ్డం వేయడానికి మాత్రం భలే పనికొచ్చింది!

తడి చేతులతోనే కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"ఏంటిది?" అని అడిగాను.

"నీకోసమే రాశాన్లే. దాన్ని పంపి నువ్వు గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలి కదా."

"నాకోసమా?"

"అది కాదే... శనివారం నువ్వు కుట్టుపనికి పోతావ్. అదీ పోతే అమ్మకి నీళ్లు కాచి, అన్నం పెట్టేదెవరు?"

అదీ సంగతి. గదిలోంచి అత్తయ్య అందుకుంది. "ఆడపిల్లకి ఆ వైర్లతో ఏం పనే?"

"మొన్న మీ ఫ్యాను బాగుచేసింది ఎవరత్తయ్యా?"

గుమ్మం దగ్గర అమ్మాయి జడ సగం అల్లి ఆగిపోయింది. దాని మణికట్టు మీద కాలిన మచ్చ కనబడుతోంది. పన్నెండేళ్లప్పుడు, ఓ శనివారం, మరిగే నీళ్ల గిన్నె దించుతూ కాల్చుకుంది. ప్రయోగశాలలో దాని చేయి కాలుతుందేమోనని వణికే నేను, వంటింట్లో కాలితే వెన్న రాసి ఊరుకున్నాను. ఆ పనికి నా సంతకం ఎవరూ అడగలేదు. నేనూ వద్దనలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

కలం తీసుకున్నాను. "తల్లికి భయం" అన్నది నిజమే కనుక ఉంచేశాను. తర్వాతి మాట కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి, కింద "అయినా పంపుతున్నాను" అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. అమ్మాయి వచ్చి కాగితం లాక్కున్నంత పని చేసింది.

"మరి శనివారం?" అన్నారాయన.

"నీళ్లు మీరు కాయండి. గిన్నె దించేటప్పుడు జాగ్రత్త, చేయి కాలుతుంది."