ఇత్తడి మీద రెండు చుక్కలు

పొద్దున్నే దుకాణం తలుపు తీసి, దేవుడికి దండం పెట్టుకుని, చేతిలో ఉన్న పనిలో తప్పు దొర్లకుండా చూడమని అడగడం నాకు అలవాటు. ఇరవై రెండేళ్లుగా ఇత్తడి ఫలకాల మీద పేర్లూ తేదీలూ చెక్కుతున్నాను. ఆ ఆదివారం కూడా అడిగాను. ఆయన విన్నాడో లేదో సాయంత్రానికి గాని తెలియలేదు.

పని ఇచ్చింది మందుల షాపావిడ. ఆవిడకు బడిలో చరిత్ర చెప్పిన టీచరుగారు పదవీ విరమణ చేస్తున్నారు. పిల్లలు ఆమెను చుక్కల టీచరు అనేవారట. ఎప్పుడో మధ్య అమెరికాలో బతికిన మాయా జాతివాళ్లు అంకెలు ఎలా వేసేవారో గులకరాళ్లూ పుల్లలూ పేర్చి చూపించేవారట, అందుకని. ఆమె ఉద్యోగంలో చేరిన రోజు, 1993 జూన్ పదకొండు, ఆ లెక్కలోనే చెక్కించి ఇవ్వాలని పాత విద్యార్థుల కోరిక. సభ నాలుగింటికి.

తేదీలు మార్చే ప్రోగ్రామును మా బావమరిది దుకాణం కంప్యూటర్లో ఎక్కించాడు. లోకంలో ఏది కొత్తగా వచ్చినా ముందు వాడి దగ్గర ఉండాలి. అందుకే మా ఆవిడ వాణ్ణి అప్‌డేట్ అని పిలుస్తుంది. మన తేదీ కొట్టి మీట నొక్కితే తెర మీద ఒకదాని కింద ఒకటి ఐదు గడులు వచ్చాయి, అడుగున ఉన్నది రోజులదట. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు, గవ్వ అంటే సున్నా. పన్నెండు, పంతొమ్మిది, సున్నా, మూడు, ఐదు. మధ్యాహ్నానికి చెక్కేశాను. గవ్వ దగ్గర మాత్రం నాకు చెమటలు పట్టాయి.

రెండింటికి మందుల షాపావిడ వచ్చింది, చంకలో పాత నోటుబుక్కు పెట్టుకుని.

"అన్నా, ఒక్కసారి ఈ తేదీ కొట్టి చూడండి. టీచర్ మా చేత చేయించిన లెక్క ఇది."

కంప్యూటర్ ముందున్న మా ఆవిడ కొట్టింది. తెరకూ నోటుబుక్కుకూ చివరి గడిలో తేడా వచ్చింది. తెర మీద రెండు తక్కువ.

"చిన్నప్పుడు మీరే తప్పు చేసుంటారండీ," అన్నాడు పక్కనే నిలబడ్డ బావమరిది.

"పక్కన టీచర్ రైట్ కొట్టి సంతకం పెట్టారు, కళ్లు తెరిచి చూడు," అంది మందుల షాపావిడ.

మా ఆవిడ ప్రోగ్రామంతా గాలించి తెర మూలనున్న సెట్టింగుల పెట్టె తెరిచింది. ఆ లెక్కను మన తేదీలతో ఎక్కడ ముడివేయాలో పండితుల్లో రెండు మాటలున్నాయట. రెండింటికీ తేడా రెండు రోజులు. అందుకని ఒకటి 283తో, ఒకటి 285తో ముగిసే రెండు సంఖ్యలు ఉన్నాయందులో.

"ఒరేయ్, దీన్ని నువ్వు ముట్టుకున్నావా?"

"285 పెట్టానక్కా. పెద్ద నంబరు కదా, కొత్త వెర్షన్ అనుకున్నా."

"వేల ఏళ్ల నాటి లెక్కకి కొత్త వెర్షనేంట్రా!"

"ఏమో, వాళ్లు కూడా మార్చుకుని ఉండొచ్చుగా."

283 పెడితే నోటుబుక్కుతో సరిపోయింది. మా ఫలకం చివర ఉండాల్సింది ఐదు కాదు, ఏడు.

మందుల షాపావిడ స్టూలు మీద కూలబడింది. "టీచర్ అందరి ముందూ వేలు పెట్టి గడిగడీ చదువుతారన్నా. తేదీ తప్పితే అది చరిత్ర కాదర్రా, కబుర్లు అని మమ్మల్ని నిలబెట్టి మరీ చెప్పేవారు."

వేరే ఫలకం కొందామంటే ఆదివారం, రేకుల దుకాణం మూత. ఇత్తడి మీద పడిన గీత చెరిపితే చెరగదు. పొద్దున అంత దండం పెట్టించుకున్నావే, ఇందుకేనా స్వామీ అని లోపల్లోపల గొణుక్కున్నాను.

గుడ్డతో ఫలకం తుడుస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగింది.

"ఏవండీ, ఏడు కావాలంటే గీత తీసెయ్యక్కర్లేదుగా? పైన రెండు చుక్కలు పెడితే చాలుగా?"

అందరం ఒక్కసారే వంగాం, తలలు టక్కున కొట్టుకున్నాయి. గీత పైన చిటికెనవేలి గోరంత జాగా ఉంది.

"చూశావా బావా, నేను తక్కువొచ్చేలా పెట్టబట్టే బతికిపోయాం!"

"నోర్మూసుకుని లైటు పట్టుకో," అంది వాళ్లక్క.

చుక్కలు చెక్కి, వాటిలో నల్లరంగు నింపి, ఆరేదాకా ఆగకుండా పట్టుకుపోయాం.

టీచరుగారు పొట్టి మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నారు. అనుకున్నట్టే వేలు పెట్టి చదివారు. చివరి గడి దగ్గర వేలు ఎత్తితే కొసకు నలుపు.

"ఇవి ఇప్పుడే పుట్టినట్టున్నాయే?"

మా ఆవిడ మోచేత్తో పొడిచింది. అయినా అంత పెద్దమనిషి ముందు అబద్ధమాడటానికి నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మందుల షాపావిడ కళ్లు మూసుకుంది.

టీచరుగారు భుజాలు కదిలేలా నవ్వారు. "ఆ రెండు రోజుల గొడవ ఇంకా తెగలేదండీ. నా పుస్తకంలో 283 ఉంది, నేనదే చెప్పాను. ఏది నిజమో నాకూ తెలియదు."

"తేదీ తప్పితే కబుర్లన్నారుగా మేడమ్!" అంది మందుల షాపావిడ, కళ్లు తెరిచి.

"అనకపోతే మీరు చదివేవారా?"

మరి తప్పు దొర్లకుండా చూడమని నేను దేవుణ్ణి అడిగింది ఏ తప్పు సంగతి? ఆయన దగ్గర రోజులకు అసలు నంబర్లున్నాయా? అడగాలనిపించింది గాని, ఆమె నావైపు తిరిగారు.

"రెండు తక్కువ కాక, ఎక్కువ పడుంటే ఏం చేసేవారు?"

"ఈ వీధిలోకే వచ్చేవాణ్ణి కాదండీ."

ఆమె మరకైన వేలు తుడుచుకోకుండా మళ్లీ మొదటి గడి మీద పెట్టారు. "లేవండర్రా, అందరూ కలిసి చదవండి." బట్టతలలవాళ్లూ, ఒళ్లో పిల్లలున్నవాళ్లూ లేచి నిలబడి పన్నెండు అంటూ అందుకున్నారు. అందరికన్నా మా బావమరిది గొంతే పెద్దగా వినిపించింది.