మొదటి అంగుళం లేని టేపు

పదకొండో హుక్కు కూడా ఊడిపోయి ఉంది. సౌందరం రాజుగారి అంగీని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి, పళ్ల మధ్య ఉన్న గుండుసూదులు జారకుండానే తిట్టింది. నిన్న రిహార్సల్ అయ్యాక లక్ష్మణన్ అనే ఆ మహారాజుకి హుక్కులు విప్పే ఓపిక లేక, అంగీని తల మీదుగా లాగేసినట్టున్నాడు. మూడేళ్లుగా చెప్తూనే ఉంది. నాటకంలో బి.ఏ. చదువుతారట, వేసుకున్న గుడ్డ విప్పడం రాదు.

ఈవేళ వాళ్ల ఆఖరి పరీక్ష. ఏడింటి మిల్లు సంగు, అదే సైరను, కూసేలోపే సౌందరం కాలేజీకి వచ్చి, వేదిక మీద చెప్పుల్లేకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, మేకులేమైనా లేచి ఉన్నాయేమోనని. ఒకటి లేచే ఉంది. కాలికి గుచ్చుకుంది. పిల్లల కాలికి కాకుండా తన కాలికి దిగడం మంచిదైంది అనుకుని, దాన్ని కత్తెర పిడితో కొట్టి అణిచింది. ఆ తర్వాత పైన తీగకి వేలాడే ఎర్ర దీపం కింద నిలబడి, అది ఎవరి నెత్తిన పడేదీ, ఎంతమంది పరిగెత్తేదీ, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లేదీ అంతా తలుచుకుంది. తాడు తెచ్చి దీపానికి ఇంకో రెండు ముళ్లు వేయించింది. అప్పటికీ నమ్మకం కుదర్లేదు.

మిల్లు ట్రస్టు వాళ్లు పెట్టిన కాలేజీ అది. నాటకశాల ఒకప్పుడు పత్తి గోడౌను. వేదిక వెనక, మిల్లు ప్రహరీని ఆనుకుని ఉన్న ఇరుకు గది సౌందరానిది. రెండు బీరువాలు, ఒక కుట్టుమిషను, ఒక స్టూలు, మేకుకి అద్దం. అంతకుముందు అదే మిల్లు రీలింగు గదిలో పద్దెనిమిదేళ్లు నూలు చుట్టింది. దగ్గు పట్టుకుని, నిలబడి పనిచేయలేకపోతే, కుట్టు వచ్చని మేనేజరు ఇటు పంపాడు. మెడలో ఎప్పుడూ ఒక గుడ్డ టేపు. అంచులు పీచు లేచి, మొదటి అంగుళం ఎప్పుడో అరిగి ఊడిపోయింది. ఏది కొలిచినా వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేసుకుంటుంది. కొత్తది కొనుక్కో అంటే, "దీనికి నేను అలవాటు" అంటుంది.

ఆమె కూతురు శివకామి కూడా ఈ పరీక్షకి నిలబడే పద్నాలుగుమందిలో ఉంది. ఈ పరీక్ష గట్టెక్కితే తిరుమంగళం బళ్లో నాటకం నేర్పే టీచరుగా చేరమని కాగితం వచ్చి ఉంది, జూన్ మొదటి తారీఖుకి. గట్టెక్కకపోతే రీలింగు గది. సూపర్‌వైజరు ఇప్పటికే రెండుసార్లు అడిగాడు, "పాప ఎప్పుడు వస్తుంది?" అని. ఆ మాట విన్న రోజున సౌందరానికి అన్నం దిగలేదు. తిరుమంగళమంటే భయమే. హైవే ఊరు, లారీలు, బస్సులు, కొత్త నీళ్లు. కానీ అక్కడ గాల్లో దూది ఎగరదు.

తొమ్మిదింటికి రత్నసభాపతి వచ్చాడు. నాటక శాఖకి పెద్ద ఆయనే. చేతిలో పొడుగు కాగితాలు, మొహంలో నిద్ర లేదు.

"అక్కా, నా కథ ముగిసిపాయ," అని స్టూలు మీద కూలబడ్డాడు.

"స్టూలు మీద సూదులుండాయి సార్."

ఆయన లేచి నిలబడ్డాడు. "యూనివర్సిటీవాళ్లు కొత్త ఫారం పంపించిండారు. ఒక్కొక్క పిల్లకీ మూడు గళ్లు. చేరినప్పుడు ఎట్ల ఉండె, ఇప్పుడు ఎట్ల ఉండాది, ఆ తేడాకి ఆధారం ఏది. పోయిన వారం పంపి, మూడేండ్ల కిందటి సంగతి అడుగుతుండారు! అప్పుడు నేను ఏమన్నా ఫోటో తీసి పెట్టినానా?"

"అందరికీ బాగుండాదని రాసేయండి."

"రాస్తిని. మదురై నుంచి వచ్చే ఎగ్జామినరు, ఆ గోవిందరాజ్, ముందే జాబు రాసిండాడు. 'బాగుంది' అనే మాట కనపడితే ఆ పిల్ల ఫలితం నిలిపేస్తాడట. గడి ఖాళీగా ఉంటే కూడా నిలిపేస్తాడట. ఏం మనిషో!"

నిలిపేస్తాడు అన్న మాట దగ్గర సౌందరం చేతిలో సూది ఆగింది. జూన్ మొదటి తారీఖు. ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"మొదటి రోజు ఎట్ల ఉండిరో నా దగ్గర ఉండాది కదా సార్," అంది.

బీరువా అడుగు నుంచి కొలతల పుస్తకం తీసింది. ఐదో క్లాసు వరకు చదివిన అరవ అక్షరాల్లో, ఒక్కొక్క పేరు పక్కన రెండేసి అంకెలు. పెళ్లివాళ్లకి కుట్టడం వేరు, నాటకం వాళ్లకి కుట్టడం వేరు. పెళ్లికూతురు ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. వేషం కట్టినవాడు అరుస్తాడు. అరిస్తే హుక్కు తెగి ముందు వరసలో వాళ్ల ఒళ్లో పడుతుంది. అందుకని పక్కటెముకల చుట్టూ ఆమె ఎవరికైనా రెండు కొలతలు తీస్తుంది, ఊపిరి వదిలినప్పుడు ఒకటి, నిండా పీల్చినప్పుడు ఒకటి.

రత్నసభాపతి ఆ అంకెల వంక చూసి, ఆమె వంక చూశాడు. మూడేళ్లుగా ఆయన పిల్లల్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద నిఘంటువు పెట్టి, ఊపిరి పీల్చడం నేర్పాడు. సగంమంది నిద్రపోయేవాళ్లు. ఆ చదువంతా ఎక్కడికి పోయిందో ఆయనకే తెలీదు.

"పిలవండి వాళ్లని," అంది సౌందరం.

మొదట లక్ష్మణన్. చేరిన రోజున రెండు కొలతలకీ తేడా ఒక అంగుళం. ఇప్పుడు మూడున్నర.

"మెస్సులో తిన్నది కాదు కదా అక్కా?"

"తిన్నది కిందికి పోతుంది సార్. ఇది పైన. ఒరేయ్, చేతులు దించు. ఈవేళ హుక్కులు విప్పకుండా లాగితివా, నీ తోలు విప్పుతాను."

"సరింగ అక్కా," అన్నాడు లక్ష్మణన్ నవ్వుతూ. వాడు ఆ మాట మూడేళ్లుగా అంటున్నాడు.

ఒక్కొక్కరూ వచ్చి నిలబడ్డారు. ఆమె టేపు చుట్టి, కొలత దగ్గర బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కి, అలా నొక్కి పట్టుకునే పుస్తకం దగ్గరికి నడిచి రాసింది. అంకె దారిలో మరిచిపోతుందేమోనని ఆమెకి భయం, అందుకే ఆ అలవాటు. పదమూడుమంది అయ్యేసరికి మెట్లు ఎక్కి వచ్చినట్టు ఆయాసపడింది. శివకామి అన్నిటికీ వెనక, తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె లోపలికి రాలేదు, ఈమె పిలవలేదు.

పదకొండింటికి గోవిందరాజ్ దిగాడు. తెల్లారి మదురైలో ఎక్కి, గాంధీపురం బస్టాండులో దిగి, ఆటోవాడితో పోట్లాడి, చెమటతో తడిసి వచ్చాడు. సన్నటి మనిషి. గొడుగు చంకలో పెట్టుకునే కాగితాలు తిరగేశాడు. ఊపిరి కొలతలు చూసి కనుబొమలు ఎత్తాడు, కానీ పెన్ను ఆగలేదు. పదమూడు పేర్లకి సంతకం పెట్టి పద్నాలుగో దాని దగ్గర ఆగాడు.

"శివకామి. ఈ పిల్లకి మొదటి గడి ఏమాయె?"

రత్నసభాపతి సౌందరం వంక చూశాడు. గోవిందరాజ్ ఆ చూపు పట్టాడు.

"ఈ పిల్లకి బట్టలు ఎవరు కుట్టింది?"

"నేనే సార్," అంది సౌందరం.

"కొలవకనేనా?"

"నా బిడ్డ సార్. దాన్ని నేను కొలవను."

ఆయన చిరాగ్గా గొడుగు కింద పెట్టాడు. "ఏమమ్మా ఇది! ఊరి పిల్లలందరికీ కొలత ఉండాది, సొంత బిడ్డకి లేదా?"

ఉండేది. శివకామికి ముందు ఒక కొడుకు, మాణిక్కం. మూడో ఏట దీపావళికి చొక్కా కుడదామని వాణ్ని గడప మీద నిలబెట్టి, ఇదే టేపుతో కొలిచింది. వాడు గిలిగింతలని నవ్వాడు. చొక్కా కింది అంచు మడవకముందే జ్వరం వచ్చింది. వాడు దక్కలేదు. టేపు వల్ల అని ఎవరూ అనలేదు. అత్తగారు మాత్రం ఒక్కసారి, "ఎదిగే బిడ్డని కొలుస్తారా?" అంది. ఆ ఒక్కసారి చాలింది. ఆ తర్వాత సౌందరం సగం ఊరిని కొలిచింది గానీ కూతురి ఒంటికి టేపు తగలనివ్వలేదు. కంటితోనే చూసి కుట్టింది. అది ఇప్పుడు ఖాళీ గడి అయి కూర్చుంది.

ఇవేవీ ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆ గడి నిండదు కదా. ఆమె లోపలికి వెళ్లి, కావిరంగు రవిక ఒకటి తెచ్చి, తిరగేసి బల్ల మీద పరిచింది. మొదటి ఏడాది శివకామి అందులోనే విసనకర్ర పట్టుకున్న దాసి, నోట మాట లేదు. రెండో ఏడాది ఒక్క వాక్యం. ఈసారి ఏటి ఒడ్డున నిలబడి మొగుణ్ని పిలిచే పడవవాడి పెళ్లాం. ట్రస్టువాళ్లు ఏడాదికిచ్చే గుడ్డ మూడు గజాలే, అందుకని అదే రవికని విప్పి వదులు చేస్తూ వచ్చింది.

"ఇట్ల చూడండి సార్. ఇది ఇప్పటి కుట్టు. దీని లోపల విప్పిన కుట్టు, సూది బెజ్జాలు వరసగా కనపడతాయి. అది రెండో ఏడాది. దానికీ లోపల ఇంకో వరస. అది చేరినప్పటిది. కంటితో కుట్టినా, నిండా పీల్చినప్పటికే కుట్టినాను."

గోవిందరాజ్ కళ్లజోడు తుడుచుకుని బెజ్జాలని దగ్గరగా చూశాడు. "ఆడపిల్ల. ఎదుగుతుంది. దానికి చదువెందుకు?"

"ఎదిగితే భుజం ఎదగవద్దా సార్? చెయ్యి? భుజం కాడ ఒకే కుట్టు, ఎన్నడూ విప్పలేదు. పక్కటెముకల కాడ మాత్రం మూడుసార్లు కుట్టినాను. ఊపిరికే చోటు చాలలా." విసుగుతో ఆమె గొంతు పెరిగింది. "మీరే కొలుచుకోండి!"

ఆయన టేపు తీసుకుని లోపలి వరసని చుట్టూ కొలిచాడు. "ఇరవై తొమ్మిది."

"ఒకటి తీసేయండి. దానికి మొదటి అంగుళం లేదు."

"ఇదేం టేపమ్మా!"

"అందరూ ఇదే అంటారు."

ఆయన నవ్వలేదు గానీ మొదటి గడిలో ఇరవై ఎనిమిది అని రాశాడు. తర్వాత పెన్ను రెండో గడి మీద పెట్టి ఆగాడు. "సరి. ఇప్పటిది చెప్పండి. రవికది కాదు, మనిషిది."

సౌందరం ఆయన వంక, కాగితం వంక, తలుపు దగ్గర కూతురి వంక చూసింది. వేరెవరినైనా కొలవమందామా అనుకుంది. వేరే చెయ్యి సరిగ్గా కొలుస్తుందన్న నమ్మకం ఆమెకి ఎన్నడూ లేదు.

"రా," అంది.

గది తెర వేసుకున్నారు. శివకామి చేతులు ఎత్తి నిలబడింది. టేపు సౌందరం వేళ్లలోంచి రెండుసార్లు జారింది.

"అమ్మా, నాకేం కాదు."

"నోరు ముయ్యి. నిండా పీల్చు."

టేపు ఆమె వేళ్ల మధ్యనుంచి మెల్లగా జరుగుతూ పోయింది. ఆగిందనుకుంటే ఇంకా జరిగింది. ఈ పిల్లలో ఇంత చోటు ఎక్కడుందో ఆమె కన్ను ఎన్నడూ పట్టలేదు. ముప్పై రెండు మీద గోరు నొక్కింది, ఎంత గట్టిగా అంటే గుడ్డ మీద తెల్లగీత పడింది. అంటే ముప్పై ఒకటి.

"నీది చూద్దాం కన్నూ," అని చంటిబిడ్డని బుజ్జగించినట్టు నవ్వుతూ శివకామి టేపు లాక్కుని తల్లి చుట్టూ వేసింది. "పీల్చు."

"పనుంది, వదులు."

"పీల్చుమా!"

సౌందరం పీల్చింది. దగ్గు వచ్చింది. మళ్లీ పీల్చింది. టేపు ఉన్నచోటే ఉంది. శివకామి నవ్వు ఆగిపోయింది. "ఏమ్మా, కదలనే లేదు?"

"టేపు అరిగిపోయింది," అని సౌందరం దాన్ని లాగేసుకుంది. "పోయి ఆయనకి ముప్పై ఒకటి అని చెప్పు. మెట్ల కాడ చూసుకుని దిగు. ఆ ఎర్ర దీపం కింద నిలబడవద్దు."

మూడింటికి నాటకం మొదలైంది. గోవిందరాజ్ ఆఖరి వరసలో కూర్చున్నాడని లక్ష్మణన్ వచ్చి చెప్పిపోయాడు. సౌందరం ఎన్నడూ వేదిక పక్కకి వెళ్లి చూడదు. చూస్తే పడిపోతారని, మరిచిపోతారని ఆమెకి భయం. గదిలో స్టూలు మీద కూర్చుని చెవితోనే చూస్తుంది. మధ్యాహ్నం తినలేదు. ఎడమ భుజం కింద ఏదో పట్టేసినట్టుంది. పొద్దుటి నుంచీ వంగి కొలిచినందుకు అనుకుంది. తలుపులో గాలి ఆడటం లేదనుకుంది. దీపం తాడు ఒకవేళ తెగితే అని తలుచుకుంది.

శివకామి వంతు వచ్చింది. ఏటికి అవతల ఉన్న మొగుణ్ని పిలవాలి, ఒకే ఊపిరిలో. మొదటి ఏడాది ఈ పిల్ల పేరు చెప్పమంటేనే గొంతు పైటలోకి పోయేది. సౌందరం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ప్రతి రిహార్సల్లోలాగే, కూతురితో పాటు తనూ ఊపిరి పట్టింది.

"ఓ..."

పిలుపు వేదిక మీంచి లేచి, ఆఖరి వరస దాటి, వెనక్కి తిరిగి గదిలోకి వచ్చింది. మేకుకి ఉన్న అద్దం సన్నగా అదిరింది. ఏరు లేదు, పడవ లేదు, ఉన్నదల్లా పాత పత్తి గోడౌను. అయినా అవతల ఒడ్డు ఉన్నట్టే ఉంది. పిలుపు ఇంకా సాగింది. మిల్లు గోడ మీది కాకులు లేచాయి. సౌందరం పట్టిన ఊపిరి పట్టినట్టే ఉంది.

నాలుగున్నర సంగు కూసినప్పుడు శివకామి పరిగెత్తుకుంటూ గదిలోకి వచ్చి, గిర్రున వెనక్కి తిరిగి తల్లి ముందు వీపు పెట్టి నిలబడింది.

"హుక్కులు తీమా సీక్రం. చెమట పోస్తుండాది. ఆయన రెండో గడిలో ముప్పై ఒకటి పక్కన ఏం రాసిండాడో తెలుసునా? 'ఆఖరి వరసకి వినపడింది' అని రాసిండాడు. మూడో గడిలో నీ టేపు సంగతి రాసిండాడు. తిరుమంగళానికి తనే జాబు రాస్తాడంట. అమ్మా? దీపం పడలేదులేమా, ఎవరికీ ఏం కాలా. తీయి, ఎంతసేపు నిలబడేది? ఏమ్మా, నిద్రనా నీకు?"

ఆమె ఇంకా కొంచెంసేపు అలాగే, వీపు చూపిస్తూ నిలబడింది. తర్వాత తిరిగింది. సౌందరం స్టూలు మీదే ఉంది, చేతులు ఒళ్లో, పట్టిన ఊపిరి ఇక వదలకుండా.

మనుషులు వచ్చారు, వెళ్లారు. లక్ష్మణన్ రాజుగారి అంగీ హుక్కులన్నీ ఒక్కొక్కటే విప్పి, దాన్ని మడిచి, బీరువాలో పెట్టి ఏడ్చాడు. స్టూలు మీద టేపు మిగిలింది, మొదటి అంగుళం లేకుండా, ముప్పై రెండు దగ్గర బొటనవేలి గోరు నొక్కిన తెల్లగీతతో.