అబ్బులు భుజం మీది చెయ్యి

నేను ఒక కంప్యూటర్ మౌసుని. తోకున్న పాతరకం దాన్ని. ఇప్పుడు పాత వైర్లు పడేసే అట్టపెట్టెలో ఉన్నాను, తీరిక దొరికింది కాబట్టి నా గోడు చెప్పుకుంటున్నాను. దసరాకి ఆయుధపూజ అంటూ నా నెత్తిన పసుపు కుంకుమలు మెత్తుతారు. ఆ కుంకుమ బటన్ సందులోకి దిగి నేను మొరాయిస్తే, మర్నాడు నన్నే బల్లకేసి బాదుతారు. మనుషుల భక్తి అలాంటిది.

ఏదో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టి, మొదట ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఊడిగం చేశాను. పరీక్షా ఫలితాల రోజున నన్ను పట్టుకున్న చెమట చేతులకి లెక్కలేదు. తప్పింది వాళ్ళు, తిట్లు నాకు. ఆ సెంటర్ మూతపడ్డాక రావులపాలెంలో సూర్యచంద్రం ఫొటో స్టూడియోకి చేరాను. సూర్యచంద్రం మంచి పనివాడు, నోరు మాత్రం మంచిది కాదు. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయాక, వంటింట్లోంచి ఆయన భార్య సత్యవేణి వచ్చి నన్ను అందుకుంది.

అందుకుంది అనడం మర్యాద. పీక పిసికింది. ఒక్కసారి నొక్కాల్సిన చోట నాలుగుసార్లు నొక్కేది. షిఫ్ట్ పట్టుకుని మూల లాగవే, లేకపోతే మనిషి సాగిపోతాడని వెనక కుర్చీలోంచి మొగుడు మొత్తుకుంటూనే ఉండేవాడు. ఆవిడ పక్కనుంచి లాగేది, సన్నటి పెళ్ళికొడుకు కాస్తా గుమ్మడికాయ అయ్యేవాడు. అక్షరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్షరానికి అంచు, అంచుకి నీడ, నీడకి మెరుపు. పసుపు చీర మీద పసుపు అక్షరాలు పెట్టి, కనబడట్లేదేంటని నన్ను విదిలించేది. ముందు ఫొటోకి కాపీ తీసుకో, రాతకి వేరే లేయర్, అంటే పైన ఇంకో పొర, పెట్టుకో, చెరిపే ముందు ఆలోచించుకో అని ఆయన రోజూ చదివే మంత్రం ఆవిడకి చెవిటివాడి ముందు శంఖమే. నాకు మాత్రం కంఠతా వచ్చేసింది. నేను చెబితే వినేదెవరు?

ఒకనాడు కనకరత్నం అనే ఆవిడ వచ్చింది. భర్త అబ్బులు పోయి వారమైంది. పెద్దకర్మకి ఫ్లెక్సీ కావాలంది. ఫోను కాలవలో పడి పాడైతే దాని మెమరీ కార్డు మిగిలిందట, అందులో ఆయనున్న ఫొటో ఒకే ఒక్కటి ఉందట. సత్యవేణికి కార్డిచ్చి, సాయంత్రం వస్తానని వెళ్ళింది.

మా ఊళ్ళో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అంటే ఒక పద్ధతి. పోయినాయన ఒక్కడే ఉండాలి, పక్కనున్న వాళ్ళని కోసెయ్యాలి. ఆ ఫొటోలో అబ్బులు తెల్లచొక్కాతో కుర్చీలో కూర్చున్నాడు, పక్కన నిలబడి కనకరత్నం ఆయన భుజం మీద చెయ్యేసింది. సూర్యచంద్రం భోజనానికి లోపలికి వెళ్ళాడు. సత్యవేణి కాపీ తియ్యకుండా కార్డులో ఉన్న ఫొటోనే తెరిచి కనకరత్నాన్ని కోసేసింది. భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి. చొక్కా రంగు తెచ్చి వాటి మీద అద్ది, ఒక్కో వేలూ మాయం చేసింది. ఆ పని ఎంత శుభ్రంగా చేసిందో! అన్ని నెలల్లో అంత పొందిగ్గా నన్ను నడిపింది ఆ రోజే. నడిపి, పాత ఫొటో మీదే సేవ్ కొట్టి, అన్నీ మూసేసింది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

సాయంత్రం కనకరత్నం వచ్చి తెరవంక చూసింది.

"చచ్చిపోయింది ఆయన కదండీ. నన్నెందుకు తీసేసేరు?"

ఫ్లెక్సీకి అంతేనమ్మా అని సత్యవేణి సర్దిచెప్పబోయింది. సరేనండి, ముందున్న ఫొటో ఓసారి చూపించమంది ఆవిడ. సత్యవేణి కార్డంతా వెతికింది. నన్ను పైకీ కిందికీ పరిగెత్తించింది. ఎంత వెతికినా అబ్బులు ఒక్కడే కనబడ్డాడు. మేమిద్దరం కలిసి దిగింది అదొక్కటేనండి అని కనకరత్నం అక్కడే బల్ల మీద కూలబడింది.

సూర్యచంద్రం బయటికొచ్చి సంగతి తెలుసుకున్నాడు. ఇంక సత్యవేణి పని అయిపోయిందనుకున్నాను. ఎప్పుడూ లేనిది ఆయన నోరు లేవలేదు. కనకరత్నం నుదుటి బొట్టు వైపు చూసి, పెళ్ళాంతో నెమ్మదిగా అన్నాడు.

"పదో రోజు దాటితే ఆ బొట్టుండదే. కెమెరా తియ్యి."

సూర్యచంద్రానిదే ఒక తెల్లచొక్కా తెచ్చి కుర్చీకి తొడిగారు. కనకరత్నం పక్కన నిలబడింది. చెయ్యి ఎక్కడ వెయ్యాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ వట్టి చొక్కా భుజాన్ని వేళ్ళతో కాస్త సవరించి, అక్కడే ఉంచింది. సత్యవేణి ఫొటో తీసింది.

తరవాత నన్ను పట్టుకుంది. ముందు రెండు ఫొటోలకీ కాపీలు తీసింది. అబ్బులు ఒక లేయర్, కనకరత్నం ఒక లేయర్. అక్కర్లేనిది చెరపకుండా మాస్కు వేసి కప్పింది. షిఫ్ట్ పట్టుకుని మూల లాగింది. చెరిపిన చోటే ఆ నాలుగు వేళ్ళూ కూర్చోబెట్టింది. వేరే పేరుతో సేవ్ చేసింది. వెనక కుర్చీలోంచి ఒక్క మాట రాలేదు. ఇంత పని వచ్చిన మనిషి ఇన్నాళ్ళూ నన్నెందుకు చంపుకుతిన్నట్టు?

ప్రింటు చేతికిస్తే కనకరత్నం మొగుడి మొహం కన్నా ముందు తన చేతినే చూసుకుంది. ఇది అసలుది కాదమ్మా, నన్ను క్షమించమని సత్యవేణి అంది. ఫ్లెక్సీలో కూడా మీ ఇద్దర్నీ పెట్టెయ్యనా అని అడిగింది.

"ఒద్దండి. ఫ్లెక్సీలో ఆయనొక్కరే ఉండనియ్యండి, అది ఊరి కోసం," అంటూ కనకరత్నం ప్రింటుని కొంగులో చుట్టుకుంది. "ఇది నాకు."