జేబులో గొంతు

…దగ్గరగా ఉండడం వేరు, చేరడం వేరు అని నాకు ఆ జేబులోనే తెలిసింది. బట్టకి ఇటువైపు నేను, అటువైపు అతని గుండె. అది కొట్టుకోవడం నాకు వినబడేది. నాలోకి వచ్చిన మాట అతనికి తెలుసు. అయినా ఇద్దరం నోరు మూసుకుని, చెమటకి తడిసిన ఒకే చొక్కాలో, జీడిపిక్కల బస్తాల మధ్య తిరిగేవాళ్ళం.

నేను ఒక మామూలు ఫోన్‌ని. అంకెల బటన్లు, చిన్న తెర, తలమీద ఒక టార్చిలైటు. ఇంతకు మించి నా దగ్గర గొప్పలేమీ లేవు. నన్ను బిగించింది ఆడపిల్లలు. పెద్ద హాల్లో బారుగా కూర్చుని, తెల్లటి తొడుగులేసుకున్న వేళ్ళతో ఒకరు తెర, ఒకరు స్పీకరు, ఒకరు బ్యాటరీ పెట్టారు. బారు చివర కూర్చున్న అమ్మాయి నా మీదికి వంగి “హలో” అంది. అవతల ఎవరూ లేరు. తన గొంతు తనకి తిరిగి వినిపిస్తే చాలు, నేను బాగున్నట్టే. అట్టపెట్టెలో పెట్టేసింది. జవాబు రాని ఆ హలో నాలో ఏ మూలో ఉండిపోయిందనుకుంటాను. మనుషుల్లో కూడా పసితనంలో ఇలాంటిదేదో ఒకటి ఉండిపోతుందని, పెద్దయ్యాక వాళ్ళు చేసేవి సగం దానివల్లేనని నాకు అనుమానం.

నన్ను మొదట కొన్నది ఇళ్ళ స్థలాలమ్మే ఒకాయన. మంచమ్మీద బోర్లా పడుకుని “దార్లో ఉన్నాను, వచ్చేస్తున్నాను” అనేవాడు. ఆ మాట మోసి మోసి నాకు సిగ్గు పోయింది. ఒకరోజు ఆయన చేతిలోని టీ ఒలికి నా రెండో నంబరు బటన్ కిందికి దిగింది. అప్పట్నుంచి అది బిగుసుకుపోయి, గట్టిగా అదిమితే తప్ప పలికేది కాదు. ఆయన తెర తాకే ఫోన్ కొనుక్కుని నన్ను పలాసలో రిపేరు కొట్టువాడికి ఇచ్చేశాడు. అక్కడ గాజుపెట్టెలో కొన్నాళ్ళు వెల్లకిలా పడున్నాక ఢిల్లేశు వచ్చి నన్ను తీసుకున్నాడు.

ఢిల్లేశుది ట్రాలీ ఆటో. జీడిపిక్కల బస్తాలు గోదాముల నుంచి ఫ్యాక్టరీలకి తోలుతాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నాతో ఐనా “ఆ”, “సరే”, “వస్తన్నా” తప్ప ఇంకోటి అనేవాడు కాదు. ఇంట్లో తల్లి తవిటమ్మ, భార్య రోహిణి. రోహిణి జీడిపిక్కల పెంకు తీసే పనికి వెళ్ళేది. కడుపుతో ఉందని తెలిశాక మానేసింది. ఆశా కార్యకర్త భూలక్ష్మి వచ్చి పేరు రాసుకుంటూ ఫోన్ నంబరు అడిగితే, రోహిణికి ఫోన్ లేదు కాబట్టి తవిటమ్మ కొడుకు నంబరు చెప్పింది. ఆ ఇంట్లో అది తప్పుగా ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

అప్పట్నుంచి వారం వారం ఒక ఆడగొంతు నాలోకి వచ్చేది. కడుపుతో ఉన్నవాళ్ళ కోసం సర్కారు ముందుగానే పలికించి దాచిన గొంతు. “తల్లీ, బాగున్నారా?” అని మొదలుపెట్టి, ఆ నెలలో ఏం తినాలో, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పేది. చివర్లో, మళ్ళీ వినాలంటే ఒకటి నొక్కమని, నర్సుతో మాట్లాడాలంటే రెండు నొక్కమని చెప్పి ఆగేది. అది రోహిణికి వచ్చే పిలుపు. రోహిణి ఇంట్లో ఉంది. నేను జేబులో ఉన్నాను.

మొదటిసారి ఢిల్లేశు ఏదో కంపెనీవాళ్ళనుకుని కట్ చేశాడు. రెండోసారి చివరిదాకా విన్నాడు. ‘తల్లీ’ అన్నప్పుడల్లా అతని గుండె ఒక్క క్షణం తడబడేది. ఎవరూ అతన్ని అంత మెత్తగా పలకరించి ఉండరు. తనది కాని ఆ పలకరింపుని అతను దాచుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటికెళ్ళి ఒకసారి, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అని రోహిణిని అడిగాడు. తవిటమ్మ నవ్వాపుకోలేకపోయింది. “ఆడోల గోల నీకెందుకురా? నువ్వు గానీ కంటావేటి?” అంది. రోహిణి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అందులో ఎగతాళి లేదు, సంతోషమే ఉంది. అది అతను చూళ్ళేదు. తల్లి నవ్వు ఒక్కటే విన్నాడు.

ఆ తర్వాత ఇంకోటి జరిగింది. అతను బస్తాలు దింపుతూ నన్ను సీటు మీద వదిలాడు. నేను మోగితే తోటి డ్రైవరు లోకనాథం ఎత్తి స్పీకరు పెట్టాడు. “తల్లీ, మీకిప్పుడు ఆరో నెల. కడుపులో బిడ్డ కదులుతోందా?” అని నేను ఫ్యాక్టరీ వాకిలంతా వినబడేట్టు అడిగాను. కూలీలందరూ పనాపి మరీ నవ్వారు. ఆ రోజు నుంచి టీకొట్టు దగ్గర అతని పేరు తల్లి. “ఏరా తల్లీ, పులుపేటైనా తింతావేటి?” అని లోకనాథం అడిగితే ఢిల్లేశు కూడా నవ్వేవాడు. లోపల మాత్రం గుండె నవ్వేది కాదు. నా మోత తీసేసి, నన్ను పై జేబులోంచి బనీను జేబులోకి మార్చాడు. అక్కడ వెలుతురు లేదు. పిలుపొస్తే నేను వణికేదాన్ని, అతను ఉలిక్కిపడేవాడు. ఆటో ఎక్కడో పక్కకి తీసి, అద్దాలెత్తుకుని, దొంగలా వినేవాడు.

విన్నది మాత్రం పారేసేవాడు కాదు. దాన్ని పొట్లాలుగా మార్చేవాడు. రక్తం పట్టాలని విన్నరోజు బెల్లం వేసిన పల్లీచెక్క. పండ్లు తినమని విన్నరోజు జామకాయలు. ఇంటికెళ్ళి, ఏమీ అనకుండా రోహిణి పక్కన పెట్టేవాడు. మాట నోట్లోంచి రాకపోతే చేతిలోంచి వస్తుంది కాబోలు. అలాగే నెట్టుకొచ్చాం.

ఎనిమిదో నెలలో వచ్చిన పిలుపుకి పొట్లం దొరకలేదు.

“తల్లీ, జాగ్రత్తగా వినండి. మొహం, చేతులు వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, కళ్ళముందు మెరుపులు కనిపించినా, అది మామూలు వాపు కాదు. బీపీ పెరిగి మీకూ బిడ్డకీ ప్రాణం మీదికి రావచ్చు. ఆగకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి.”

అతను ఒకటి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అద్దాలెత్తిన ఆటోలో అదే మాట తిరిగి తిరిగి చెప్పాను. రెండో బటన్ మీద వేలు పెట్టాడు గానీ అదమలేదు. అవతల నిజమైన మనిషి పలికి, ఎవరు మాట్లాడేది అనడిగితే ఏం చెప్పాలో అతనికి తెలియదు. ‘నేను తల్లిని కాను’ అని చెప్పాలి కదా ముందు.

సాయంత్రం ఇంటికొచ్చాం. బనీను జేబులోంచి నాకు కనబడేదేమీ లేదు, విన్నదాన్ని బట్టి పోల్చుకోవడమే. తవిటమ్మ పొయ్యి దగ్గర గిన్నె కలుపుతోంది. రోహిణి గోడకానుకుని, కాలి మట్టెని సబ్బునీళ్ళతో తీయాలని చూస్తోంది. దిగడం లేదంది. తలమీద తడిగుడ్డ వేసుకున్నా పోటు తగ్గలేదంది.

“నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు రోకళ్ళే పిల్లా” అంది తవిటమ్మ. “కన్నాక అదే పోతాది. వచ్చేవారం భూలక్ష్మి ఎలాగా వస్తాది.”

ఆవిడ మాటలో దుర్మార్గం లేదు. నలుగుర్ని కన్న మనిషి. తన ఒళ్ళు చెప్పిందే ఆవిడకి తెలుసు. ఢిల్లేశుకి నేను చెప్పింది తెలుసు. ఆ రెండూ కలిసే చోటు ఆ ఇంట్లో లేదు.

“లైటు చుట్టూ మిణుగురులేటి అత్తా ఇన్ని?” అంది రోహిణి.

మిణుగురులు లేవని ఇంకెవరూ అనకముందే అతని గుండె అంది. పల్లీచెక్క పొట్లం గట్టుమీద పెట్టి బయటికి నడిచాడు. ఆటో దగ్గర నిలబడ్డాడు. ఇంక నేను ఈ జేబులోనే ఉండిపోతాననుకున్నాను. రేపు కూడా, ఆమెకి ఏమన్నా అయితే ఆ తర్వాత కూడా, ఈ మాటతో, ఈ గుండె పక్కన. నాలో ఉన్నదాన్ని నేనై చెప్పలేను. ఎవరో నొక్కాలి. నాకు నోరిచ్చినవాళ్ళు ఆ ఒక్కటీ మర్చిపోయారు.

అతని చెయ్యి జేబులోకి వచ్చింది. ఆ నంబరుకి తిరిగి చేస్తే చివరి కబురు మళ్ళీ వినిపిస్తుందని అతనికి తెలుసు. చేశాడు. స్పీకరు పెట్టాడు. చేతిలో పట్టుకుని లోపలికొచ్చి నన్ను నేలమీద, రోహిణి మోకాలి పక్కన పెట్టాడు.

“తల్లీ, జాగ్రత్తగా వినండి” అన్నాను.

“ఎవుల్రా అది?” అంది తవిటమ్మ.

“ఇను అమ్మా” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ మోసింది కాదు.

నేను మొత్తం చెప్పాను. మొహం, చేతులు, తలనొప్పి, మెరుపులు. గిన్నెలో గరిటె చప్పుడు ఆగింది. తవిటమ్మ లేచొచ్చి కోడలి గడ్డం పట్టుకుని దీపంవైపు తిప్పింది. చాలాసేపు చూసింది. వెనక్కెళ్ళి పొయ్యి ఆర్పేసింది.

“నాకేనా మావా అది సెప్తంది?” అంది రోహిణి.

“నీకే. పతీ వారం నీకే. నేనే…” అని ఆగిపోయాడు. “రెండు నొక్కు. గట్టిగా నొక్కాలి.”

ఆమె వేలు మొదటిసారి నా మీదికి వచ్చింది. జీడిపెంకు నూనెకి కాలికాలి గరుకుతేలిన వేలు, ఇప్పుడు వాచి నున్నగా ఉంది. నొక్కింది. పలకలేదు. బొటనవేలు పెట్టి ఒళ్ళంతా మోపి అదిమింది. లోపలెక్కడో ఎండిపోయిన టీ చిట్లింది.

అవతల ఒక నర్సు పలికింది. దాచిన గొంతు కాదు, ఊపిరి తీస్తున్న గొంతు. “చెప్పమ్మా, ఎవరు మాట్లాడేది?”

ఢిల్లేశు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, ఒక్క వేలితో నన్ను ఆమె వైపుకి జరిపాడు.

ఆమె నా మీదికి వంగింది.

“నేను రోహిణిని” అంది. “అద్దంలో చూసుకుంటే నా మొగం నాదిలాగ లేదు.”